రాత్రి బాగున్న చేపలు తెల్లారేసరికి ఎందుకు పోయాయి?

ప్రశ్న: మాది శ్రీకాకుళం. నాలుగు నెలల కిందట మూడడుగుల ట్యాంకు కొని హాల్లో ఉప్పునీటి అక్వేరియం పెట్టాను. రెండు క్లౌన్ ఫిష్‌లు, ఒక బ్లూ టాంగ్, ఒక ఫాక్స్‌ఫేస్, ఒక చిన్న డామ్సెల్, ఒక క్లీనర్ రొయ్య ఉండేవి. మొన్న శనివారం ట్యాంకు శుభ్రం చేశాను. కళింగపట్నం నుంచి క్యాన్లలో తెచ్చి రెండు రోజులు మూతపెట్టి ఉంచిన సముద్రపు నీళ్లతో సగం నీళ్లు మార్చాను. టాప్ ఫిల్టర్‌లో స్పాంజీ, సిరామిక్ రింగులు కుళాయి కింద తెల్లగా వచ్చేదాకా కడిగాను. సాయంత్రం చుట్టాలొస్తే పిల్లలు సరదాపడి మేత ఎక్కువే వేశారు. రాత్రి వానకి మూడు గంటలు కరెంటు పోయింది. ఇన్వర్టర్ ఉంది గానీ ట్యాంకు ప్లగ్గు దానిమీద లేదు. బల్లులు పడతాయని పైన అద్దం మూత పెడతాం. ఆదివారం పొద్దున లేచి చూస్తే నీళ్లు పాలు కలిపినట్టున్నాయి. టాంగ్, ఫాక్స్‌ఫేస్ నోళ్లు తెరుచుకుని అడుగున పడి ఉన్నాయి. సోమవారం సాయంత్రం ఒక క్లౌన్ కూడా పోయింది. మిగతావి బతికే ఉన్నాయి. షాపతను ఒక నీలం మందు, యాంటీబయోటిక్ పొడి ఇచ్చాడు, ఇంకా వేయలేదు. ఇలా ఉన్నట్టుండి చనిపోకుండా ముందుజాగ్రత్తగా ఏ మందు వాడాలి? మన ఎండలకి, మన నీళ్లకి ఉప్పునీటి చేపలు బతకవంటున్నారు, నిజమేనా? మా అమ్మాయి దిగులుతో అన్నం సరిగ్గా తినడం లేదు.

సమాధానం: ముందుగా మీ అమ్మాయికి ఒక మాట చెప్పండి. పిల్లలు మేత వేయడం వల్లే చేపలు పోయాయని తను అనుకోకూడదు, ఆ పిల్లలూ అనుకోకూడదు. మేత ఒక్కటే ఎక్కువై ఉంటే మీ ట్యాంకు తట్టుకునేది. ఒకే రోజున వరసగా నాలుగైదు దెబ్బలు తగిలాయి. వాటిలో పెద్ద దెబ్బ మేతది కాదు.

షాపతను ఇచ్చిన మందులు రెండూ పక్కన పెట్టేయండి. ఇంకా వేయకపోవడం మంచిదైంది. ఎందుకో తర్వాత చెబుతాను.

చేపలు పోయినప్పుడు అందరూ చేప ఒంటినే చూస్తారు. మచ్చలున్నాయా, రెక్కలు చిరిగాయా అని. దానికంటే ముందు చూడాల్సినవి మూడున్నాయి: ఏది ముందు పోయింది, ఏ వేళకి పోయింది, ఏవి బతికాయి. మీరు ఈ మూడూ రాశారు కాబట్టి ట్యాంకు చూడకపోయినా కొంత ధైర్యంగానే చెప్పగలను.

మీ క్లీనర్ రొయ్య బతికి ఉంది. ఇది పెద్ద ఆధారం. దోమల మందు, బొద్దింకల స్ప్రే, రాగి లాంటివి నీళ్లలో కలిస్తే చేపలకంటే ముందు పోయేది రొయ్యే. అది మీసాలు ఆడిస్తూ తిరుగుతోందంటే విషప్రయోగం జరగలేదన్నమాట. ఇక పోయినవి రెండూ ట్యాంకులోకెల్లా పెద్ద చేపలు. పెద్ద ఒంటికి ఎక్కువ ఆక్సిజన్ కావాలి, అందుకే అది తగ్గినప్పుడు ముందు కూలేవి అవే. పోయింది తెల్లవారుజామున. ట్యాంకు నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండే వేళ అదే. నోళ్లు తెరుచుకుని ఉన్నాయని కూడా రాశారు, మొప్పలు కూడా విచ్చుకునే ఉండి ఉంటాయి. ఇన్ని గుర్తులు ఒకే వైపు చూపిస్తున్నాయి. ఆ రెండూ ఊపిరాడక పోయాయి. సోమవారం సాయంత్రం పోయిన క్లౌన్‌ది వేరే సంగతి. అది అమ్మోనియా పని అయి ఉంటుంది. ఈ రెండిటికీ మూలం మాత్రం శనివారం నాటి శుభ్రమే.

ఉప్పునీళ్లలో ఆక్సిజన్ మామూలుగానే తక్కువ పడుతుంది. 25 డిగ్రీల దగ్గర మంచినీళ్లు లీటరుకి 8 మిల్లీగ్రాములకు పైగా ఆక్సిజన్ పట్టుకుంటే, సముద్రపు నీళ్లు 6.7 దగ్గర ఆగిపోతాయి. 30 డిగ్రీలకు వెళ్తే 6.2కి దిగుతుంది. అక్టోబరులో మన హాళ్లలో ట్యాంకు నీళ్లు 29, 30 ఉండటం మామూలే. అంటే గోల్డ్ ఫిష్ ట్యాంకులో ఉండేంత వెసులుబాటు ఇక్కడ మొదటినుంచీ లేదు. పైనించి మీరు రెండు రోజులు మూతలో మగ్గిన సముద్రపు నీళ్లు సగం పోశారు, సాయంత్రానికి మేత కూడా ఎక్కువైంది. సముద్రపు నీళ్లలో కంటికి కనిపించని జీవాలు కోట్లలో ఉంటాయి. క్యాన్‌లో బిగిస్తే అవి చచ్చి కుళ్లుతాయి. ఆ కుళ్లును, మిగిలిపోయిన మేతను తిని బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరిగింది. మీకు పాలలా కనిపించింది ఆ బ్యాక్టీరియానే. అవి కూడా ఊపిరి తీసుకుంటాయి, చేపల వాటా కూడా అవే పీల్చేస్తాయి. సరిగ్గా అదే రాత్రి కరెంటు పోయి నీటి కదలిక ఆగిపోయింది, పైన అద్దం మూత ఉంది. ఇక గాలి ఎక్కడినుంచి వస్తుంది?

చాలామంది బుడగల వల్లే నీళ్లలోకి గాలి వెళ్తుందనుకుంటారు. నిజానికి ఎక్కువ ఆక్సిజన్ చేరేది పైపొర దగ్గర, నీళ్లు అలలా కదిలే చోట. బుడగలు చేసే మేలు కూడా అడుగు నీళ్లను పైకి తెచ్చి పైపొరను కదిలించడమే. అందుకే అద్దం మూత తీసేసి, దోమల మెష్ ఒక చెక్క ఫ్రేముకి బిగించి పెట్టండి. బల్లీ పడదు, గాలీ ఆగదు. వేవ్ మేకర్ (నీళ్లను అలలా కదిలించే చిన్న పంపు) ఉంటే దాని మూతిని కాస్త పైకి తిప్పి, నీటి పైభాగం ఎప్పుడూ ముడతలు పడుతూ ఉండేలా చూడండి. ట్యూబ్‌లైట్ వెలుగులో పక్కనించి చూస్తే నీటి మీద నూనెలాంటి పలచని తెర కనిపిస్తుందేమో గమనించండి. వంటింటి పొగ వల్లా, మేత వల్లా అది వస్తుంది. కనిపిస్తే ఒక న్యూస్‌పేపర్ నీటి మీద మెల్లగా పరిచి ఎత్తేయండి, తెర దానికి అంటుకుని వచ్చేస్తుంది.

ఇప్పుడు పెద్ద దెబ్బ గురించి. మీరు రింగులను తెల్లగా కడిగారే, అదే. రింగుల మీదుండే గోధుమరంగు జిగురు మురికి కాదు. నాలుగు నెలలుగా చేపల వ్యర్థాలను విరిచి పెడుతున్న బ్యాక్టీరియా అక్కడే కాపురం ఉంటుంది. చేప మొప్పల నుంచి, కుళ్లిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక జాతి బ్యాక్టీరియా దాన్ని నైట్రైట్‌గా, ఇంకో జాతి నైట్రేట్‌గా మారుస్తాయి. మునిసిపల్ కుళాయి నీళ్లలో క్లోరిన్ ఉంటుంది. అది ఉన్నదే బ్యాక్టీరియాను చంపడానికి. కుళాయి ధార కింద కడిగినప్పుడు మీ ట్యాంకు కొత్త ట్యాంకుతో సమానమైపోయింది. కానీ చేపలు పాతవన్నీ అందులోనే ఉన్నాయి.

అమ్మోనియా మంచినీటి ట్యాంకుల్లో కంటే ఉప్పునీటి ట్యాంకుల్లో ప్రమాదం ఎక్కువ. దాంట్లో రెండు రూపాలుంటాయి, ఒకటి పెద్దగా హాని చేయనిది, ఇంకోటి మొప్పలను కాల్చేసేది. పీహెచ్ అంటే నీళ్ల ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత. అది ఒక అంకె పెరిగితే ఆ కాల్చే రూపం దాదాపు పది రెట్లవుతుంది. మంచినీటి ట్యాంకు 7 దగ్గర ఉంటే ఉప్పునీటి ట్యాంకు 8.2 దగ్గర ఉంటుంది. అందుకే టెస్ట్ కిట్‌లో ఒకే రంగు కనిపించినా గోల్డ్ ఫిష్ తట్టుకుంటుంది, క్లౌన్ తట్టుకోలేదు.

ఇకమీదట ఫిల్టర్ ఇలా కడగండి. నీళ్లు మార్చే రోజు ట్యాంకులోంచి తీసిన పాత నీళ్లు ఒక బకెట్‌లో పట్టుకోండి. స్పాంజీని అందులో రెండు మూడుసార్లు పిండండి. రింగులను ఇంకో వారం అలాగే పాత నీళ్లలో ఒకసారి ఆడించి పెట్టేయండి. మురికిగా కనిపించినా సరే, అంతకుమించి వద్దు. స్పాంజీ కడిగిన వారం రింగుల జోలికి వెళ్లకండి. ఫిల్టర్ కడిగిన రోజు నీళ్లు సగం మార్చే పని కూడా పెట్టుకోకండి. మామూలు రోజుల్లో వారానికి పది శాతం, లేదా రెండు వారాలకు ఇరవై శాతం నీళ్లు మారిస్తే చాలు.

ఇక షాపతను ఇచ్చిన మందుల సంగతి. ఆ నీలం మందు మిథిలీన్ బ్లూ అయి ఉంటుంది. అది ఇప్పుడిప్పుడే మళ్లీ పుడుతున్న ఆ కాస్త బ్యాక్టీరియాకు కూడా గండం. యాంటీబయోటిక్ కూడా అంతే. జబ్బు లేని ట్యాంకులో వేసే ఏ మందయినా నీళ్లను ఇంకా బలహీనపరుస్తుంది. ముందుజాగ్రత్తకు వాడే మందు ఏదని అడిగారు. అలాంటిది లేదు. షాపులో ఎవరైనా ఉందని చెబితే కొనకండి.

మిగిలిన మూడు ప్రాణాల కోసం ఇప్పుడే చేయాల్సినవి. ఒక ఎయిర్ పంపు కొని రాత్రింబవళ్లు నడపండి. మూడు రోజులు మేత వేయొద్దు. చేపలు ఆకలితో పోతాయని భయం వద్దు, మూడు రోజుల పస్తు వాటికి ఏమీ చేయదు. అమ్మోనియా టెస్ట్ కిట్ తెచ్చి పొద్దునా సాయంత్రం చూడండి, అక్వేరియం షాపుల్లో దొరుకుతుంది, ఆన్‌లైన్‌లో అయితే ఉప్పునీటికి పనికొచ్చేదే అని చూసి తీసుకోండి. రంగు సున్నా గడి దాటితే పావు వంతు నీళ్లు మార్చండి. ఆ నీళ్లు ముందురోజే కలిపి, ట్యాంకు నీళ్ల ఉప్పదనానికి, వేడికి సరిపోయేలా సిద్ధం చేసినవై ఉండాలి. రాళ్ల వెనక చచ్చిన నత్తో, పురుగో ఉందేమో టార్చి వేసి వెతకండి. కనిపించని ఒక శవం కొత్తగా అమ్మోనియా పుట్టించడానికి చాలు. ఇలా నాలుగు నుంచి ఆరు వారాలు ఓపిక పట్టండి. బ్యాక్టీరియా మళ్లీ కుదురుకోవడానికి అంత సమయం పడుతుంది.

ఇక నీళ్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. సముద్రం పక్కనే ఉంది కదా, ఉప్పు పొడి ఎందుకు కొనాలి అని మన జిల్లాలో ప్రతి ఒక్కరికీ అనిపిస్తుంది. అనిపించడం సహజం. కానీ కళింగపట్నంలో వంశధార సముద్రంలో కలుస్తుంది. మీరు క్యాన్ ముంచిన చోట నీళ్లు సముద్రానివా, నదివా అన్నది కంటితో తెలియదు. హిరమండలం దగ్గర గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తారని పేపర్లో చదివిన రోజుల్లో అక్కడి నీళ్లు తేవడం చాలా ప్రమాదం. వరద నీళ్లతో పొలాల్లో కొట్టిన మందులు కూడా వస్తాయి. నాగావళి కలిసే కళ్లేపల్లి వైపైనా, విజయనగరం జిల్లాలో చంపావతి కలిసే కోనాడ వైపైనా ఇదే మాట.

నదికి దూరంగా పట్టుకుంటే సరిపోతుందా అంటే, ఈ నెలల్లో అదీ నమ్మకం లేదు. వానాకాలంలో గంగ, బ్రహ్మపుత్ర, మహానది తెచ్చి పోసే మంచినీళ్లతో బంగాళాఖాతం ఉత్తర భాగంలో పైనీళ్లు పలచబడతాయి. వానాకాలం వెళ్లాక తీరం వెంబడి ప్రవాహం ఉత్తరం నుంచి దక్షిణానికి తిరిగి ఆ పలచని నీళ్లను మన తీరం మీదుగానే మోసుకెళ్తుంది. అందుకే అక్టోబరు, నవంబరుల్లో మన ఒడ్డున నీళ్లు ఉప్పగా అనిపించినా, ట్యాంకుకు కావలసినంత ఉప్పగా ఉండవు. మీ రొయ్య బతికింది కాబట్టి ఈసారి మరీ ఘోరంగా పడిపోయి ఉండదనుకుంటున్నాను. అయినా ఈరోజే కొలవండి. సాంద్రత 1.024 నుంచి 1.026 మధ్య ఉండాలి. ముల్లు ఊగే ప్లాస్టిక్ హైడ్రోమీటర్ చిన్న బుడగ అంటుకున్నా తప్పు చూపిస్తుంది, రిఫ్రాక్టోమీటర్ కొనండి. రెండు చుక్కలు వేసి కంటికి ఆనించి వెలుతురు వైపు చూస్తే నీలానికి, తెలుపుకి మధ్య గీత ఎక్కడుందో కనిపిస్తుంది. తక్కువ ఉన్నట్టు తేలితే ఒక్క రోజులో సరిచేయకండి. రోజుకు కొంచెం చొప్పున నాలుగైదు రోజుల్లో పెంచండి. ఉప్పదనం తగ్గడాన్ని చేప కొంతవరకు ఓర్చుకుంటుంది గానీ, ఒక్కసారిగా పెరిగితే దాని ఒంట్లో నీళ్లు లాగేసుకున్నట్టై పోతుంది.

సముద్రపు నీళ్లే వాడాలనుకుంటే ఎండాకాలంలో, వేటకు లోపలికి వెళ్లే పడవవాళ్లను అడిగి తెప్పించుకోండి. గుడ్డతో వడకట్టి, మూతపెట్టి చీకట్లో రెండు మూడు వారాలు కదలకుండా ఉంచి, అడుగున పేరుకున్నది వదిలేసి పైనీళ్లు తీసుకుని, ఒక రోజంతా ఎయిర్ పంపు పెట్టి, కొలిచాకే వాడండి. నా సలహా మాత్రం అక్వేరియాల కోసం అమ్మే ఉప్పు పొడి, మెరైన్ సాల్ట్ కొనమనే. నౌపడ ఉప్పు గళ్లు తెచ్చి కలిపితే పోదా అని చాలామంది అడుగుతుంటారు. నౌపడ మడుల్లో ఉప్పు గడ్డకట్టాక మెగ్నీషియం లాంటివి ఎక్కువ భాగం మిగిలిన చేదునీళ్లలోనే ఉండిపోతాయి. కాల్షియం అంతకంటే ముందే చాలావరకు వేరుగా పేరుకుపోతుంది. కూరకు కావలసింది ఆ శుభ్రమైన ఉప్పే, చేపకు కావలసింది మాత్రం వదిలేసినవాటితో సహా మొత్తం సముద్రం. మెరైన్ సాల్ట్‌లో అవన్నీ కొలత ప్రకారం ఉంటాయి.

కలిపే పద్ధతి తేలికే. మంచినీళ్ల 20 లీటర్ల క్యాన్ ఒకటి దీనికే కేటాయించండి. అందులో ఆర్వో నీళ్లు పోసి, లీటరుకు 35 నుంచి 38 గ్రాముల లెక్కన, అంటే క్యాన్‌కు 700 గ్రాముల పైచిలుకు సాల్ట్ వేసి, చిన్న పంపుతో ఒక రోజంతా తిప్పండి. చేపలున్న ట్యాంకులో నేరుగా ఉప్పు వేయడం ఎప్పుడూ చేయకండి. ఇంటి ఆర్వో మిషన్లలో చాలావాటిలో రుచి కోసం కొంత మామూలు నీళ్లు తిరిగి కలిపే ఏర్పాటు ఉంటుంది, టీడీఎస్ మీటర్‌తో (నీళ్లలో కరిగి ఉన్న లవణాలు కొలిచేది) చూసుకుని మెకానిక్ చేత దాన్ని మూయించండి. తప్పనిసరై కుళాయి నీళ్లు వాడితే యాంటీ క్లోరిన్ చుక్కలు వేయాల్సిందే. ఇలా సిద్ధం చేసిన క్యాన్లు రెండు ఎప్పుడూ మంచం కింద ఉండాలి. శనివారం రాత్రి మీ దగ్గర అవి ఉండుంటే క్లౌన్ దక్కేదేమో.

ఇంకొక చిన్న విషయం. ట్యాంకు నుంచి రోజూ లీటరో, ఇంకాస్తో నీళ్లు ఆవిరైపోతాయి. ఆవిరయ్యేది నీళ్లే, ఉప్పు కాదు. తగ్గిన మేరకు ఉప్పునీళ్లు పోస్తే ఉప్పదనం ఎక్కుతూ పోతుంది. రోజూ పొద్దున గీత గీసిన మట్టం వరకు ఉత్త ఆర్వో నీళ్లే పోయండి.

కొత్త చేపలు తెచ్చుకున్నప్పుడు జరిగే మరణాలు వేరేగా ఉంటాయి. అప్పుడు పాతవన్నీ బాగుంటాయి, కొత్తది ఒక్కటే ఒకటి రెండు రోజుల్లో పోతుంది. విశాఖలో కొన్న చేప రెండు మూడు గంటల్లో ఇంటికి చేరుతుంది, పెద్ద చిక్కు లేదు. చెన్నై కొళత్తూరు నుంచి పార్శిల్‌లో రాత్రంతా రైల్లో వచ్చి ఆమదాలవలసలో దిగిన చేప విషయం అలా కాదు. సంచిలో చేప వదిలిన కార్బన్ డయాక్సైడ్ వల్ల పీహెచ్ పడిపోయి ఉంటుంది. దానివల్ల అందులో చేరిన అమ్మోనియా పెద్దగా హాని చేయని రూపంలో ఉంటుంది. సంచి విప్పగానే ఆ వాయువు బయటికి పోతుంది, పీహెచ్ లేస్తుంది, అమ్మోనియా ఒక్కసారిగా విషంగా మారుతుంది. అలాంటి నీళ్లలో గంటల తరబడి చుక్కచుక్కగా ట్యాంకు నీళ్లు కలుపుతూ అలవాటు చేయడం మంచికి పోయి చెడు చేయడమే. దూరం నుంచి వచ్చిన చేపకు చేయాల్సింది ఇదీ: ముందురోజే షాపువాళ్లను వాళ్ల నీటి సాంద్రత ఎంతో అడగండి. ఖర్చు తగ్గుతుందనీ, పరాన్నజీవులు తగ్గుతాయనీ చాలా షాపులు 1.020 లోపే ఉంచుతాయి. విడి ట్యాంకులో నీళ్లు అదే సాంద్రతకు కలిపి ఉంచండి. సంచిని ఓ పదిహేను, ఇరవై నిమిషాలు ఆ నీటి మీద తేల్చి, విప్పిన వెంటనే చేపను వలతో తీసి అందులో వదిలి, సంచి నీళ్లు పారబోయండి. తర్వాత వారం రోజుల్లో ఉప్పదనం మెల్లగా పెంచుకోవచ్చు.

విడి ట్యాంకు అన్నాను కదా, అది లేకుండా కొత్త చేప కొనొద్దనే నా మాట. రెండడుగులది, ఇసుక లేకుండా, ఒక స్పాంజ్ ఫిల్టర్, దాక్కోవడానికి రెండు పీవీసీ ఎల్బో ముక్కలు చాలు. నాలుగు వారాలకు తగ్గకుండా అందులో ఉంచి చూడండి. వెల్వెట్ అనే జబ్బు వస్తే ఒంటి మీద బంగారు పొడి చల్లినట్టు సన్నగా కనిపిస్తుంది, చాలాసార్లు అదీ కనిపించదు. చేప గబగబా మొప్పలాడిస్తూ పంపు ధారకు ఎదురుగా నిలబడుతుంది, రెండు మూడు రోజుల్లో ఒకదాని తర్వాత ఒకటి పోతాయి. తెల్లమచ్చల జబ్బు ఉప్పు రవ్వలు అంటినట్టు ఉంటుంది, కాస్త నెమ్మదిగా సాగుతుంది. రెండిటికీ రాగి మందు పని చేస్తుంది గానీ దాన్ని కొలిచే కిట్‌తో, విడి ట్యాంకులోనే వాడాలి. మెయిన్ ట్యాంకులో పడితే మీ రొయ్య దక్కదు, రాళ్లు రాగిని పీల్చుకుని తర్వాత ఎప్పటికో వదులుతుంటాయి.

ఇంట్లో విషాల సంగతి ఈసారి మీది కాకపోయినా గుర్తుంచుకోండి. ఎయిర్ పంపు గదిలో గాలినే నీళ్లలోకి తోస్తుంది. ఆ గదిలో దోమల చక్రం వెలిగించినా, లిక్విడ్ మిషన్ పెట్టినా, బొద్దింకల స్ప్రే కొట్టినా అదంతా ట్యాంకులోకే వెళ్తుంది. వీధిలో మునిసిపాలిటీ వాళ్లు పొగ కొట్టడానికి వస్తే కిటికీలు మూసి, పంపు కాసేపు ఆపి, ట్యాంకు మీద తడిగుడ్డ కప్పండి, బండి వెళ్లాక తీసేయండి. సంక్రాంతికి గోడలకు రంగులు వేయిస్తే ఆ వారం ట్యాంకును వేరే గదికి మార్చలేరు కాబట్టి, పంపు గాలి పీల్చుకునే గొట్టాన్ని కిటికీ బయటికి పెట్టండి. చేతికి నూనె, సబ్బు, శానిటైజర్ ఉండగా నీళ్లలో చేయి పెట్టకండి.

కరెంటు గురించి మన ప్రాంతంవాళ్లకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తిత్లీ తుఫాను తీరం దాటాక ఉద్దానంలో రోజుల తరబడి చీకటే. 2021 సెప్టెంబరులో గులాబ్ తుఫాను కళింగపట్నం దగ్గరే తీరం దాటింది. ఉప్పునీటి ట్యాంకు పెట్టుకున్నవాళ్లు సెప్టెంబరు వచ్చేసరికి సిద్ధంగా ఉండాలి. మీ ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ట్యాంకు దగ్గర ఒక ప్లగ్గుకు ఇన్వర్టర్ లైను లాగించండి. దానికి ఎయిర్ పంపు ఒక్కటే పెట్టండి. అది తీసుకునేది నాలుగైదు వాట్లు, ఫ్యాన్లు ఆపుకుంటే చాలాసేపు నడుస్తుంది. పవర్ బ్యాంకుతో నడిచే చిన్న ఎయిర్ పంపు కూడా ఒకటి ఇంట్లో ఉంచండి. అదీ ఆగిపోతే మగ్గుతో నీళ్లు ముంచి అడుగు ఎత్తు నుంచి మళ్లీ అందులోనే పోయండి, పది నిమిషాలకోసారి ఓ ఇరవై మగ్గులు. చేతులు నొప్పి పుడతాయి గానీ చేపలు నిలుస్తాయి. కరెంటు లేనంతసేపూ మేత వద్దు, లైటు వద్దు. మీది టాప్ ఫిల్టర్ కాబట్టి పర్వాలేదు. మూసి ఉండే క్యానిస్టర్ ఫిల్టర్ ఉన్నవాళ్లు మాత్రం, అది కొన్ని గంటలు ఆగిపోయి ఉంటే కరెంటు రాగానే నేరుగా ఆన్ చేయకూడదు. లోపల నీళ్లు కుళ్లి ఉంటాయి. విప్పి ఆ నీళ్లు పారబోసి, లోపలివాటిని ట్యాంకు నీళ్లతో ఒకసారి కడిగాకే పెట్టాలి.

మన ఎండలకి ఇవి బతకవన్న మాట నిజం కాదు. ట్యాంకు నీళ్లు 24 నుంచి 27 మధ్య ఉంటే మంచిది. మే నెలలో అంత ఉంచడం కష్టమే గానీ, 29 వరకు నిలకడగా ఉంటే క్లౌన్, డామ్సెల్ లాంటివి సర్దుకుంటాయి. నీటి మీదకు చిన్న టేబుల్ ఫ్యాన్ తిప్పితే రెండు డిగ్రీల వరకు తగ్గుతుంది. సముద్రపు గాలి తేమగా ఉన్న రోజుల్లో అంత తగ్గదు, అలాంటి రోజుల్లో గదికి ఏసీ ఉంటే మధ్యాహ్నం వేసి ఉంచండి. చంపేది ఎక్కువగా నీటి వేడి పొద్దునకీ సాయంత్రానికీ నాలుగైదు డిగ్రీలు ఊగిసలాడటం.

బ్లూ టాంగ్ మళ్లీ తేవద్దు. మీ అమ్మాయికి అదే ఇష్టమై ఉంటుందని తెలుసు, పిల్లలందరికీ అదే ఇష్టం. కానీ అది అడుగు పొడవు పెరిగే చేప, ఈదడానికి చాలా చోటు కావాలి. మూడడుగుల ట్యాంకులో దానికి రోజూ ఇరుకే, ఇరుకులో ఉన్న చేప చిన్న దెబ్బకే కూలిపోతుంది. ఫాక్స్‌ఫేస్‌ది కూడా అదే కథ. పైగా బయట అమ్మే టాంగ్‌లన్నీ దాదాపుగా సముద్రంలో పట్టినవే. క్లౌన్లు అలా కాదు. మన దేశంలో కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ ఎప్పుడో వాటిని పొదిగించడం సాధించింది, హేచరీలో పుట్టిన పిల్లలు దొరుకుతున్నాయి. అవి చిన్నప్పటినుంచే ట్యాంకు నీళ్లకు, పొడి మేతకు అలవాటుపడి ఉంటాయి. కొనేటప్పుడు హేచరీవా, పట్టినవా అని అడిగి, మీ ముందే మేత వేయించి, తింటేనే తీసుకోండి. అలంకరణకని పగడాలు, సముద్ర గుర్రాలు ఎవరైనా అమ్మజూపితే వద్దనండి. వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం వాటిని పట్టడం, అమ్మడం నేరం.

మీకు మిగిలిన క్లౌన్‌కి తోడు కావాలి, అది నిజమే. తొందర మాత్రం వద్దు. అమ్మోనియా, నైట్రైట్ రెండూ రెండు వారాల పాటు వరసగా సున్నా చూపించాక, విడి ట్యాంకు సిద్ధమయ్యాక తెచ్చుకోండి. క్లౌన్లు పుట్టుకతో మగవి. జంటలో పెద్దది ఆడగా మారుతుంది. మీ దగ్గరున్నది ఇప్పటికే ఆడదైనా, ఇకముందు మారినా, ఇంట్లో పెద్దరికం దానిదే. అందుకని కొత్తదాన్ని దానికంటే స్పష్టంగా చిన్న సైజులో చూసి తీసుకోండి, సమానమైనది తెస్తే కొట్లాటలో ఒకటి నలిగిపోతుంది. కలిపిన మొదటి రోజు రాళ్లు కాస్త అటూ ఇటూ మార్చి, లైటు ఆర్పి వదలండి. చిన్నది పెద్దదాని ముందు పక్కకు వాలి ఒళ్లు వణికిస్తే భయపడకండి, అది జబ్బు కాదు, ‘నువ్వే పెద్ద’ అని ఒప్పుకోవడం. మీ అమ్మాయికి ముందే చెప్పి ఉంచండి, లేకపోతే మళ్లీ టెన్షన్ పడుతుంది.